ఏడికెళ్లి షురువైంది?

తలకు తీగలు అతికించే పేస్టుకు ఒక వాసన ఉంటుంది. సబ్బూ కాదు, సున్నమూ కాదు, రెండింటికీ మధ్య ఏదో. ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందుల్లో ఉండిపోతుంది. నిన్న సాయంత్రం డ్యూటీ దిగి ఇంటికొచ్చి జొన్నపిండి కలుపుతుంటే మళ్లీ ఆ వాసనే ముక్కుకు తగిలింది. రొట్టెల్లో కూడా హాస్పిటలేనా అని మా ఆయన ఎప్పటిలాగే ఎగతాళి చేశాడు. ఆయనకు అది హాస్పిటల్ వాసన. నాకు మాత్రం నిజామాబాద్ కంఠేశ్వర్‌లో, మందుల దుకాణం పైన, ఇరుకు మెట్లెక్కి వెళ్లే ఒక చిన్న క్లినిక్ వాసన. ఆ క్లినిక్ విమల మేడమ్‌ది.

హైదరాబాద్‌లో ఒక పెద్ద ఆసుపత్రిలో, మూర్ఛ వచ్చేవాళ్లను కెమెరా ముందు పడుకోబెట్టి, తలకు తీగలు పెట్టి, ఆ ఫిట్స్ మెదడులో ఎక్కడ మొదలవుతుందో పట్టుకునే గది ఒకటి ఉంది. ఆ గదికి ఇప్పుడు నేనే ఇన్‌చార్జిని. నా పని నాకు బాగా వచ్చు. ఈ మాట చెప్పుకోవడానికి మొహమాటం ఎందుకు? నేర్పినావిడ అట్లాంటిది మరి.

విమల మేడమ్ నరాల డాక్టర్. బోధన్ ఆడబిడ్డ. వాళ్ల నాన్న చక్కెర ఫ్యాక్టరీలో పనిచేశారు. ఆమె పెద్ద చదువులు చదివి, పెద్ద ఊళ్లు చూసి, తిరిగొచ్చి కంఠేశ్వర్‌లో క్లినిక్ పెట్టుకున్నారు. తొందరపడేవాళ్లంటే ఆమెకు పడేది కాదు. ఫిట్స్ వచ్చిన మనిషిని తీసుకొచ్చినవాళ్లు ఎట్లా పడిపోయాడో, ఎట్లా కొట్టుకున్నాడో, నురగ ఎంత వచ్చిందో చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "గదంత తర్వాత. ఏడికెళ్లి షురువైంది, అది చెప్పు" అనేవారు. ఆ ఒక్క ప్రశ్నతో మా సందు ఆటోవాళ్లు ఆమెకు షురూ డాక్టరమ్మ అని పేరు పెట్టేశారు. ఆ సంగతి తెలిసి ఆమె హాయిగా నవ్వుకున్నారు. బోర్డు మీద డిగ్రీల కన్నా అదే నయమన్నారు.

నేను మోస్రా నుంచి వచ్చినదాన్ని. టెక్నీషియన్ కోర్సు చేసి, మిషన్ గురించి నా తర్వాతే ఎవరైనా అన్న పొగరుతో చేరాను. కొత్తలో ఒకాయన మెదడు గీతలు తీస్తుండగానే ఆయనకు ఫిట్స్ వచ్చింది. తెర నిండా గీతలు ఎగిసెగిసి పడుతున్నాయి. ఆయన తేరుకున్నాక దొరికిందంటూ మేడమ్‌ను లాక్కొచ్చినంత పని చేశాను. ఆమె ఆ ఎగిసిపడే గీతల వైపు చూడనే లేదు. వెనక్కి జరిపించారు, ఇంకా వెనక్కి జరిపించారు, గీతలన్నీ నిమ్మళంగా ఉన్న చోటి దాకా. అక్కడ, ఒక్క మూలన, వెంట్రుకంత వణుకు కనిపించింది.

"మా బోధన్ దిక్కు చెరుకు తోటకు అగ్గంటుకుంటే ఊరంత మంటను చూస్తది," అన్నారు. "ఏ గట్టు కాడ అంటుకున్నదో చూసినోడు ఒక్కడే ఉంటడు. నాకు ఆ ఒక్కడు కావాలె బిడ్డా."

ఆ తర్వాత నేను మంటను చూడటం మానేశాను. చాలామంది అనుకున్నట్టు ఫిట్స్ ప్రతిసారీ మెదడంతా ఒక్కసారే పట్టుకోదు. కొందరికి ఒక చిన్న చోట రాజుకుని తర్వాత పాకుతుంది. మందులకు లొంగకపోతే ఆ చిన్న చోటు కనిపెట్టి, తీసేయగలిగితే తీసేస్తారు. అయితే ఎక్కడో సరిగ్గా తెలియాలి. తెలియకుండా మెదడు మీద కత్తి పెట్టేవాడు ఎవడుంటాడు?

గంగమణి విషయంలో సరిగ్గా అక్కడే చిక్కొచ్చింది. బోధన్ పక్క పల్లె కోడలు, బీడీలు చుట్టేది. ఉన్నట్టుండి చూపు నిలిచిపోయి, పిలిస్తే పలక్క, కాసేపటికి తేరుకునేది. ఎన్ని మందులు మార్చినా ఆగలేదు. ఒకసారి పొయ్యి దగ్గరే వచ్చి ముంజేయి కాలింది. అప్పటి నుంచి అత్త లక్ష్మవ్వ ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. చంటి కూతురిని ఎత్తుకుంటే వెనక ఎవరో ఒకరు కాపలా నిలబడాల్సిందే. లక్ష్మవ్వ చెడ్డ మనిషి కాదు, బాగా భయపడిపోయిన మనిషి. తలకు పేస్టు పెట్టించుకుంటూ గంగమణి ఒకసారి నాతో అంది: "నా బిడ్డను నేనొక్కదాన్నే ఎత్తుకొని బస్సెక్కాలె అక్కా. ఇంకేం వద్దు నాకు." నేను ఇంకో తీగ తీసి అతికించాను.

ఆపరేషన్ సంగతి చూద్దామన్న హైదరాబాద్ డాక్టర్లకు ఏ వైపో తేలలేదు. స్కానింగ్‌లో మెదడు కుడివైపు ఒక మసక మచ్చ కనిపించింది. మామూలప్పుడు తీసిన గీతల్లో రెండు వైపులా గోలే. ఇంట్లోవాళ్లు మాత్రం అందరూ ఒకే మాట చెప్పారు, ఫిట్స్ రాగానే కుడిచెయ్యి పిడికిలి బిగుసుకుంటుందని. ఫోన్లో తీసిన వీడియోల్లోనూ అదే ఉంది. కుడిచేతిని నడిపేది ఎడమ మెదడు. కుడిచెయ్యి బిగిసిందంటే మొదలు ఎడమవైపే అయి ఉండాలి. ఆ వైపు మాటలుండే చోటు, కదిలించాలంటే ఎవరైనా జంకుతారు. మచ్చ ఒక వైపు చూపిస్తే చెయ్యి ఇంకో వైపు చూపిస్తోంది. ఇట్లాగైతే ఆపరేషన్ ఆలోచన మానుకోవాల్సిందేనని వాళ్లు మేడమ్‌కు ఫోన్ చేసి చెప్పారు. ఆ కబురు ఇంకా గంగమణికి చెప్పొద్దని మేడమ్ నా నోరు కట్టేశారు.

మేడమ్‌కు ఒక పద్ధతి ఉండేది. చూసినవాళ్లు చెప్పే మాటలతో ఆమె తృప్తిపడేవారు కాదు, ఆ ఫిట్స్‌ను వాళ్లచేతే చేయించి చూసేవారు. మొగుళ్లు, తల్లులు, ఒకసారైతే తెల్ల ఖద్దరు చొక్కాలో వచ్చిన ఒక సర్పంచ్ కూడా, మా క్లినిక్ నేల మీద కాళ్లూ చేతులూ వంకర్లు తిప్పినవాళ్లే. నాకు నవ్వాపుకోవడం పెద్ద పనయ్యేది. ఆ రోజు లక్ష్మవ్వ వంతు వచ్చింది. గంగమణిని బయట కూర్చోబెట్టి, నేను చాప పరిచి, పాత పేపర్‌ను తునికాకుల్లా కత్తిరించి లక్ష్మవ్వ ఒళ్లో పెట్టాను. నువ్వే గంగమణివనుకొని బీడీలు చుట్టమన్నారు మేడమ్.

లక్ష్మవ్వ కొంగు అడ్డం పెట్టుకుని సిగ్గుపడింది. తర్వాత చుట్టడం మొదలుపెట్టింది. చుడుతూ చుడుతూ ఆమె చూపు గోడ మీద ఆగిపోయింది. ఎడమచేతిలోని కాగితం జారిపోయింది. ఆ చెయ్యి మణికట్టు దగ్గర వంగి, కొయ్యలా బిగిసింది. కుడిచేతి వేళ్లు మాత్రం ఆకు లేకపోయినా బీడీ చుడుతూనే ఉన్నాయి. ఇన్నేళ్లు కోడలి పక్కనే కూర్చుని చూసిన మనిషి కదా, ఎప్పుడూ నోటితో చెప్పనిదంతా చేసి చూపించింది. అంతలో మళ్లీ అత్తలా ఉలిక్కిపడి, నడుముకు వేలాడే తాళంచెవుల గుత్తి లాగి, తన కుడిచేతిలో తానే పెట్టుకుని, రెండో చేత్తో ఆ పిడికిలిని గట్టిగా మూసేసింది.

"ఇగో, గిట్ల బిగుస్తది మేడమ్," అంది.

మా దిక్కు ఫిట్స్ వస్తే చేతిలో ఇనుము పెడతారు. కుడిచేతిలోనే పెడతారు, మంచికైనా చెడ్డకైనా ఎడమచేతికి ఎవరిస్తారు? మోస్రాలో మా ఇంట్లోనూ అంతే. అది మాకెంత మామూలంటే, డాక్టరుకు చెప్పాల్సిన సంగతి అని ఎవరికీ తోచదు. లక్ష్మవ్వ కొడుకు కూడా ముందు తల్లి తాళాలు పెట్టాక, పెళ్లాం కాస్త నిలదొక్కుకుందనుకున్నాకే ఫోన్ బయటికి తీసేవాడు, అప్పటికి ఎడమచెయ్యి సడలిపోయి ఉండేది.

మేడమ్ కుర్చీ దిగి వెళ్లి చాప మీద ఆమె ఎదురుగా కూర్చున్నారు. "అవ్వా, పిడికిలి ఎవరు బిగించిండ్రు?"

లక్ష్మవ్వ తన రెండు చేతులనూ చూసుకుంది.

"నేనే," అంది. ఆ తర్వాత ఏడుపు ఆగలేదు. తన వల్లే పిల్ల ఇన్నాళ్లు గోసపడిందా అని ఒకటే అడగడం. మేడమ్ ఆమె చేతులు వదల్లేదు. "నువ్వు చూసినవు కాబట్టే దొరికింది అవ్వా. ఇంతమందిల షురూ చూసింది నువ్వొక్కదానివే," అన్నారు. చెరుకు తోట మాట నాకు గుర్తొచ్చింది. కళ్లు తుడుచుకోవడానికి పక్క గదిలోకి వెళ్లాను, ఏం దాచుకోను.

ఎడమచెయ్యి బిగిస్తే మొదలు కుడి మెదడులోనే అయి ఉండాలి, మచ్చ ఉన్న వైపే. మేడమ్ వెంటనే హైదరాబాద్‌కు ఫోన్ చేసి, కెమెరా గదిలో మంచం ఇప్పించేదాకా వాళ్లను వదల్లేదు. ప్రయాణానికి ముందు లక్ష్మవ్వ క్లినిక్‌కు వచ్చి, నడుము నుంచి తాళాల గుత్తి విప్పి మేడమ్ బల్ల మీద పెట్టింది. ఇంటి తలుపుకు కొడుకు దగ్గర ఇంకో తాళంచెవి ఉందట. "నా దగ్గరుంటే నా చెయ్యి ఊకోదు," అంది. మేడమ్ ఆ గుత్తిని సొరుగులో పెట్టి, ఫిట్స్ వస్తే కోడలిని పక్కకు తిప్పి భుజం పట్టుకుంటే చాలని నేర్పించి పంపారు. అక్కడ ఫిట్స్ రానే వచ్చింది. కుడిచెయ్యి ఎవరూ మూయలేదు, ఎడమచెయ్యే కెమెరా ముందు బిగిసింది, గీతలు కుడివైపు నుంచే లేచాయి.

ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు గంగమణి పేర్లు మరిచిపోయి చిరాకుపడేది. మాత్రలు మానలేదు. ఫిట్స్ మాత్రం మళ్లీ రాలేదు. డాక్టర్లు ఇక పర్వాలేదన్నాక, ఒక రోజు మా మెట్ల మీద చిన్న గజ్జెల చప్పుడైంది. బిడ్డను చంకనెత్తుకుని గంగమణి నిలబడి ఉంది. వెనక చూశాను. ఎవరూ లేరు. బోధన్ నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. మేడమ్ లేచొచ్చి బిడ్డ తల నిమిరారు. తర్వాత సొరుగు తీసి, మీ అత్తకియ్యమని గుత్తి చేతికిచ్చారు.

"అత్తమ్మ ఇగ నన్నే పెట్టుకోమన్నది మేడమ్," అని గంగమణి దాన్ని తన నడుముకు దోపుకుంది.

మేడమ్ పోయి రెండేళ్లయింది. మా గదిలో ఈ వారం కూడా ఆర్మూర్ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, కొడుకు చూపు నిలవగానే నడుము తడుముకుంది. అరచెయ్యి చాపి, "అవ్వా, అవి నాకియ్యి. ఏడికెళ్లి షురువైతదో సూద్దాం," అన్నాను. ఇచ్చింది. అందరూ ఇస్తారు. ఇంటికి పోయేటప్పుడు ఎవరివి వాళ్లకు తిరిగిచ్చేస్తాను. అప్పటిదాకా నా కోటు జేబులో ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంటి తాళాలు ఉంటాయి, నడుస్తుంటే చప్పుడవుతూ ఉంటాయి.