ఇరవై ఆరో నంబరు గుర్తు

1987 ఎండాకాలంలో నన్ను నెల్లూరు కంప్యూటరు కేంద్రం నుంచి ఆరు నెలల డెప్యుటేషన్ మీద ఆత్మకూరుకు పంపారు. నా హోదా ప్రోగ్రామర్. చేతివృత్తుల పథకం ఒకదానికి జాబితాలు తయారుచేయడం నా పని. ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబాలు చాలా ఉన్నాయి. కొండ మీది నర్ది కర్ర, బిక్కి కర్ర తెచ్చుకోవాలంటే వాళ్ళకు పర్మిట్టు ఉండాలి. ఆ ఏడు కంప్యూటరు జాబితాలో పేరున్నవాళ్ళకే పర్మిట్టు అని ఉత్తర్వు వచ్చింది.

కంప్యూటరు అన్న మాటకు అప్పట్లో ఉన్న మర్యాద ఇప్పటివాళ్ళకు చెప్పినా నమ్మరు. మా గదిలోకి రావాలంటే పెద్ద అధికారి అయినా చెప్పులు బయట విడవాల్సిందే. ఆ గదికి యజమానిని నేను. ఇరవై తొమ్మిదేళ్ళ వయసు. నా అంత తెలివైనవాడు జిల్లాలో లేడని నా నమ్మకం. ఆ తెలివి ఎట్లా తెల్లారిందో చెబుతాను.

ఆత్మకూరులో చిన్న యంత్రం, నెల్లూరులో పెద్ద యంత్రం. రెండింటినీ నడిపే ఆపరేటింగ్ సిస్టమ్‌లు వేరు. ప్రోగ్రాములు రాసేవాళ్ళం ఫైలు తెరవడం, ఒక్కో వరస చదవడం లాంటి పనులు ప్రతిసారీ కొత్తగా రాసుకోం. అవి చేసిపెట్టే తయారు ముక్కలు సిస్టమ్‌తోపాటే వస్తాయి. ఆ మూటనే లైబ్రరీ అంటారు. చిక్కేమిటంటే ఒకే పనిని ఈ లైబ్రరీ ఒక తీరున చేస్తే ఆ లైబ్రరీ ఇంకో తీరున చేస్తుంది. వరస ముగిసిందని చెప్పడానికి చిన్న యంత్రం రెండు గుర్తులు పెడితే, పెద్ద యంత్రం ఒకటే పెట్టేది. ఇక్కడి జాబితా అక్కడికి వెళితే వరసలన్నీ కలగాపులగం. రెండింటికీ పొత్తు కుదిరేలా మధ్యలో నేనొక లైబ్రరీ రాశాను. ఆత్మకూరు జాబితా పంపాను, వెనక్కి తెప్పించాను, అక్షరం పొల్లుపోలేదు. మా సూపరింటెండెంట్ రమణయ్య గారు భుజం తట్టి, "నువ్వు గట్టోడివేరా" అన్నారు. ఆ ఒక్క పరీక్షతో సరిపెట్టుకున్నాను.

ఉదయగిరి పేర్లు ఎక్కువ కాబట్టి ఇద్దరు టైపిస్టులు ఇంటింటి సర్వే కాగితాలు చూసి చెరి సగం వీధులు మా చిన్న యంత్రంలోకి ఎక్కించారు. రెండు ఫైళ్ళయ్యాయి. పేర్లు రెండుసార్లు పడ్డాయేమో చూసే పని నెల్లూరు యంత్రానిది. అక్కడ నేనే రెండు ఫైళ్ళనూ ఒకదాని వెనక ఒకటి అతికించి, సరిచూసి, ఆత్మకూరుకు తెచ్చి అచ్చు తీశాను. జాబితా ఉదయగిరిలో నోటీసు బోర్డుకెక్కింది. అభ్యంతరాలకు పదిహేను రోజుల గడువు. అభ్యంతర పత్రం కూడా నేను గీసిందే. అందులో మొదటి గడి: జాబితాలో మీ వరస నంబరు.

గడువు రేపటితో ముగుస్తుందనగా మస్తాన్ సాయిబు అనే పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, ఉదయగిరి నుంచి బస్సులో నిలబడి వచ్చాడు. చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే ఆగాడు.

"నా పేరు ఎక్కలేదు నాయనా. మా నాయన కాడ్నించీ ఇదే పని. మా వీధిలో ఎవురి పేరూ లేదు" అన్నాడు.

పత్రం చేతికిచ్చి నంబరు రాయమన్నాను.

"నంబరు లేదనే గదా వచ్చినాను."

నంబరు లేని పత్రం తీసుకోవడానికి వీల్లేదన్నాను. ఆయన సంచిలోంచి చెంచా ఒకటి తీసి నా బల్ల మీద పెట్టాడు. గోరంత మందం కూడా లేదు, కాడ మీద సన్నటి లత చెక్కి ఉంది. "ఇదీ నాయనా నా నంబరు" అన్నాడు.

రమణయ్య గారు పక్క గదిలోంచి, "ఏందది? మిషను చెప్పినాక ఇంకేంది?" అని కేకేశారు. నేను ఇంకాస్త మర్యాదగా, "మిషను తప్పు చెయ్యదు సాయిబుగారూ. మీరే సర్వే నాడు ఇంట్లో ఉండి ఉండరు" అన్నాను. ఆయన చెప్పులు తొడుక్కున్నాడు. చెంచా మరిచిపోయాడో, వదిలేశాడో, వెళ్ళిపోయాడు. మా వీధిలో ఎవరి పేరూ లేదు అన్న మాట చెవిన పడి కూడా నాకు తట్టలేదు. ఏం చెప్పను! ఒక్క మనిషి పేరు జారితే టైపిస్టు తప్పు. వీధంతా జారితే అది నా తప్పు. ఆ మాత్రం చాలదా కనిపెట్టడానికి?

రెండున్నర నెలల తరవాత సీతారామపురం నుంచి కొన్ని కొత్త పేర్లు వచ్చాయి. ఉదయగిరి జాబితా చివర చేర్చి అచ్చు తీశాను. ఆ కొత్త పేర్లు ఒక్కటీ రాలేదు. ఫైలు పొడవు పెరిగింది, అచ్చు పెరగలేదు. ఫైలును అక్షరం అక్షరంగా విప్పి చూశాను. సరిగ్గా రెండు ఫైళ్ళు అతికించిన చోట కంటికి కనపడని గుర్తు ఒకటి ఉంది. యంత్రం లోపల ప్రతి అక్షరానికీ ఒక నంబరుంటుంది, దీని నంబరు ఇరవై ఆరు. ప్రతి ఫైలు చివరా మా చిన్న యంత్రం పెట్టే ముగింపు గుర్తు అది. పెద్ద యంత్రం లైబ్రరీకి అదొక మామూలు అక్షరం, దాటుకుంటూ పోయింది. చిన్న యంత్రం లైబ్రరీ మాత్రం అక్కడే ఫైలు అయిపోయిందనుకుని ఆగింది. జాబితా చివర వేసిన పేర్ల మొత్తం కూడా అదే లైబ్రరీ చదివినంతవరకే కాబట్టి లెక్క చక్కగా సరిపోయింది. ఉదయగిరి రెండో సగం, కోట కొండ కింది వీధులన్నీ, ఆ గుర్తు వెనకే ఉండిపోయాయి.

గుర్తును నమ్మకుండా ఫైలు పొడవును బట్టి చదివేలా నా లైబ్రరీలో నాలుగు వరసలు మార్చాను. అరగంట పని. నా తప్పేనని రాసి సంతకం పెట్టాను. పర్మిట్లు రాయించడానికి ఇంకో మూడు వారాలు పట్టింది. మస్తాన్ సాయిబుది నేనే తీసుకుని, చెంచా జేబులో పెట్టుకుని ఉదయగిరి బస్సెక్కాను.

తలుపు తీసింది ఆయన భార్య ఖాదర్‌బీ. నేనెవరో చెబితే లోపలికి రమ్మంది. ఆయన నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి చేతికి కట్టు. పర్మిట్టు లేక కొండకు పోలేక, నెల్లాళ్ళు చూసి, దూరాన కంకర మిషనులో కూలికి పోయాడట. మిషను మూడు వేళ్ళు తీసేసింది. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

పర్మిట్టు ఇచ్చాను. ఎడమ చేత్తో అందుకున్నాడు. జరిగింది చెప్పాను, నాదే తప్పన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఉంది, నాకే వినబుద్ధి కాలేదు.

"మిషను తప్పు చెయ్యదన్నావు గదా నాయనా" అన్నాడు. కోపం లేదు. నిజంగానే అడుగుతున్నట్టు అన్నాడు.

ఖాదర్‌బీ మాత్రం ఊరుకోలేదు. "కాగితం తెచ్చినావు. చెయ్యి తేగలవా?" అంది.

చెంచా తీసి ఇవ్వబోయాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. "నీ కాడే ఉండనీ. అట్టాటిది ఇంక నా చేత రాదు."

తిరుగు బస్సులో ఏడ్చాను. పక్కనున్నాయన ఇంట్లో ఎవరన్నా పోయారా అని అడిగాడు.

ఆ తరవాత ఇరవై తొమ్మిదేళ్ళు సర్వీసు చేశాను. రెండు సిస్టమ్‌ల మధ్య ఏ లైబ్రరీ రాసినా అతికించిన ఫైళ్ళతో పరీక్షించకుండా వదల్లేదు. చదివిన లైబ్రరీ చెప్పిన మొత్తాన్ని ఎన్నడూ ఒప్పుకోలేదు. సర్వేలో రాసిన మొదటి కాగితాల మీద మనిషి చేత విడిగా లెక్కపెట్టించాను. నా చేతికి వచ్చిన ప్రతి అభ్యంతర పత్రంలోనూ వరస నంబరు గడి కొట్టేయించాను. జాబితాలో లేని మనిషిని నీ నంబరెంత అని అడగకూడదు. ఇది నేను నేర్చుకోవడానికి ఇంకొకరి మూడు వేళ్ళు పోయాయి.