కడ్డీ లేని స్టీరింగు

షెడ్డు మేస్త్రికి ముక్కు మీదే కోపం. తన మాట వినని వాళ్లకు బండి తాళాలు చేతిలో పెట్టి సాగనంపేవాడు. కానీ ఈసారి వచ్చినవాడు సొంత అల్లుడు.

అల్లుడు జీపును జానెడు ఎత్తు లేపించి, లావాటి టైర్లు వేయించాడు. దాంతో స్టీరింగు తిప్పలేనంతగా బిగుసుకుంది.

"స్టీరింగు నుంచి చక్రాలకు పోయే ఇనప కడ్డీని ఉంచుదాం బాబూ. దానికి ఆయిలు పంపు తోడుంటే చాలు," అన్నాడు మేస్త్రి.

"కడ్డీ రాళ్లకు తగులుతోంది మావయ్యా. అది తీసేసి, మొత్తం ఆయిలు పైపుల మీదే నడిపించండి. ఒక్క వేలితో తిరగాలి."

"పైపు పగిలితే స్టీరింగు మీ చేతిలోనే ఉంటుంది, బండి మాత్రం మీ మాట వినదు. రోడ్డు మీద తిరిగేదానికి వద్దు."

"మీరు మరీ భయపడతారు," అని అల్లుడు నవ్వాడు.

బయటివాడైతే మేస్త్రి అరుపుకు షెడ్డు దద్దరిల్లేది. ఎదురుగా ఉన్నది అల్లుడు. కడ్డీ విప్పి గోడకు ఆనించాడు. పైపులు బిగించాడు, మళ్లీ బిగించాడు, చేత్తో తడిమి చూసుకున్నాడు.

సాయంత్రం కూతురు వచ్చి జీపు ముందు సీట్లో భర్త పక్కన కూర్చుంది.

"వెనక కూర్చోరాదూ అమ్మా," అన్నాడు మేస్త్రి.

"ఎందుకు నాన్నా? నువ్వు చేసిన బండేగా," అంటూ ఆమె తలుపు వేసుకుంది.