సీపీయూ మీద టీ మరక

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం కాదు, చిరాకు. ఆమదాలవలసలో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెబుతాను. పాత గోడౌనులో ఏదో తిరుగుతోందని పిల్లలు వణికిపోతుంటే, పదండ్రా చూసొద్దాం అని ముందు నడిచే రకం నేను. అలాంటిదాన్ని కూర్చుని ఇది రాస్తున్నానంటే నాకే వింతగా ఉంది.

మా నాన్న రైసుమిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఆ తర్వాత మధ్యాహ్నం పూట నా పాత కంప్యూటర్లో పేకాట ఆడేవారు. అమ్మకి ఆట రాదు. అయినా పక్కనే కుర్చీ వేసుకుని, ఆ ఎర్రది పైన పెట్టండి అంటూ సలహాలిచ్చేది.

నాన్నకి ఒక పాడు అలవాటు ఉండేది. టీ గ్లాసు తెచ్చి సీపీయూ డబ్బా మీద పెట్టేవారు. ఆ వేడికి టీ చల్లారదట. నేనెంత మొత్తుకున్నా వింటేనా! డబ్బా మీద గుండ్రంగా మరక పడిపోయింది. ఆయనకి షుగరు. అందుకని అమ్మ ఏళ్ల తరబడి పంచదార లేని టీయే ఇచ్చింది.

నాన్న పోయాక అమ్మ టీ మానేసింది. అన్నం రెండు ముద్దలు, మాటలు అంతకంటే తక్కువ. మధ్యాహ్నం అయ్యేసరికి అదే కుర్చీలో కూర్చుని ఆ మరక మీద చెయ్యి వేసుకుని ఉండేది. మనిషి కళ్లముందే చిక్కిపోతుంటే, ఈమె కూడా నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

ఇంకోపక్క ఆ కంప్యూటరు కొన ఊపిరితో ఉంది. నేను బళ్లకి ప్రశ్నపత్రాలు టైపు చేసిస్తాను, ఇల్లు గడిచేది సగం దానిమీదే. ఒక ఫైలు తెరుచుకునేలోపు అన్నం వార్చి రావచ్చు. కొత్తది కొనే స్తోమత లేదు. శ్రీకాకుళంలో రిపేరు షాపు పెట్టుకున్న మా మేనత్త కొడుకు సత్తిబావని పిలిచాను. సెకండ్‌హ్యాండు మదర్‌బోర్డు, ర్యామ్ తెచ్చాడు. మానిటరు, కీబోర్డు పాతవే వాడుకోమన్నాడు. డబ్బా మాత్రం మార్చాల్సిందే, మరక ఉన్నచోట రేకు తుప్పు పట్టి చిల్లు పడేలా ఉంది.

అమ్మ అడ్డుపడింది. "అది ముట్టుకోకండి. దానిమీద ఆయన సెయ్యుంది" అంది. పాత డబ్బా పారెయ్యం, నీ మంచం పక్కనే పెడతాం అని బతిమాలి ఒప్పించాను. ఒప్పించాను గానీ మనసులో పీకుతూనే ఉంది.

బావ మూత విప్పాడు. లోపల దుమ్ముతో పాటు గుప్పెడు చచ్చిన చీమలు.

"ఒసే, ఇది కంప్యూటరేటే, మిఠాయి కొట్టా?" అన్నాడు.

అమ్మ వంగి చూసింది. "సప్పటి టీకి సీమలేటి?" అని, పైనున్న మరకని వేలితో తడిమి, "అయితే నాకు తెలీకుండా పంచదార ఏసుకున్నారన్నమాట" అంది. కోపమో ఏడుపో తెలియలేదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికెళ్లిపోయింది.

బావ షాపులో పడున్న నల్ల డబ్బా ఒకటి తెచ్చి, అన్నీ అందులో బిగించి వెళ్లాడు. నేను దాన్ని శుభ్రంగా తుడిచి తెల్ల తువ్వాలు కప్పాను. మర్నాడు అమ్మని భావనపాడులో మా మావయ్య ఇంటికి తీసుకెళ్లాను, సముద్రపు గాలికైనా నాలుగు ముద్దలు తింటుందని. తినలేదు. రెండ్రోజులుండి వచ్చేశాం. ఇంటి తాళంచెవి ఒక్కటే, అది నా బ్యాగులోనే ఉంది.

తలుపు తీసేసరికి మధ్యాహ్నం ఎండ గదిలో పడుతోంది. గోడ వారనుంచి టేబులు మీదికి చీమలు బారు కట్టి ఉన్నాయి. తువ్వాలు ఎత్తాను. కొత్త డబ్బా మీద గ్లాసు అడుగంత టీ మరక. వేలు పెడితే ఇంకా తడిగా, బంకబంకగా ఉంది. తువ్వాలుకి మాత్రం ఒక్క చుక్క అంటలేదు.

వంటింట్లోకి పరిగెత్తాను. నాన్న గ్లాసు నేను బోర్లించినట్టే ఉంది, పొడిగా. కిటికీల గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. బావకి ఫోన్ చేస్తే, "నానేటీ పెట్టనేదే. నాకు టీ పడదని నీకు తెల్దేటి?" అన్నాడు. పైకప్పు కారిందనుకుందామంటే వాన పడలేదు. పడినా వాననీళ్లకి చీమలు రావు కదా.

అమ్మ చూసేలోపు తుడిచేద్దామని గుడ్డ తీసుకున్నాను. అప్పటికే నా వెనక నిలబడి ఉంది.

అమ్మ భయపడలేదు. తన కుర్చీ లాక్కుని కూర్చుంది. "సూడండి, ఇంకా మానలేదు మీరు. ఎన్నిసార్లు సెప్పాలి మీకు?" అని, ఎదురుగా మనిషి ఉన్నట్టే తిట్టడం మొదలుపెట్టింది. తిడుతూ తిడుతూ ఏడ్చేసింది. ఆయన పోయినరోజు కూడా అంతలా ఏడవలేదు. నేనూ పక్కన కూలబడి ఏడ్చాను.

ఇది జరిగి ఏళ్లయింది. అలాంటి మరక మళ్లీ పడలేదు. ఎవరు చెప్పిన కారణమూ ఆ తడికి, ఆ చీమలకి సరిపోలేదు. నా సైన్సుకీ అందలేదు, అందినట్టు నటించడం నాకు చేతకాదు.

ఆ సాయంత్రం మాత్రం అమ్మ తనంతట తనే లేచి టీ పెట్టింది. నాకొకటి ఇచ్చి, తనొకటి తీసుకుని, నాన్న గ్లాసు నింపి తీసుకెళ్లి కొత్త డబ్బా మీద పెట్టింది. నేను వద్దనలేదు.

"రెండు సెంచాలు ఏసాను" అంది నాతో. "ఇంక సుగరేటి సేస్తాది?"