పంచదారక్క తూకం

ఏటా తరగతులు మొదలైన రెండో వారంలో బడి ల్యాబులో కెమిస్ట్రీ సారు అటెండరుగా పనిచేసే ఆమెను పిల్లలందరి ముందూ నిలబెట్టేవాడు. ఆయన చేతిలో ఖాళీ అయిన ఆగ్జాలిక్ ఆమ్లం సీసా ఉండేది.

"ఐదువందల గ్రాముల సీసా ఇది. నా లెక్క ప్రకారం నూట పదకొండు లీటర్ల ద్రావణానికి రావాలి. డెబ్బై తొమ్మిదికే చేతులెత్తేసింది. మిగతాది ఏం చేశావమ్మా? ఇంటికి పట్టుకెళ్ళి టీలో వేసుకుంటున్నావా?"

ఆ స్ఫటికాలు తెల్లగా, అచ్చం పంచదారలా ఉంటాయి. టీలో వేసుకుంటే మూత్రపిండాలు పోతాయి. అది సారుకూ తెలుసు, పిల్లలకూ తెలుసు. అయినా నవ్వేవాళ్ళు. ఆ నవ్వులోంచే ఆమెకు పంచదారక్క అని పేరొచ్చింది. పంతొమ్మిదేళ్ళలో అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడకుండా పోయింది. ఆమె తల వంచుకుని నిలబడేది. సారు కడుపునిండా నవ్వాక ఖాళీ సీసా అందుకుని, కడిగి, బోర్లించేది.

సీసా తొందరగా అయిపోతున్నది ఆమె దొంగతనం వల్ల కాదు. సారు లెక్క తప్పు కావడం వల్ల.

ఆమె ఆ ల్యాబులో చేరింది ఇరవై అయిదో ఏట. పన్నెండో తరగతి పాసై, ఆపై చదివించేవాళ్ళు లేక, తాత్కాలిక అటెండరుగా వచ్చింది. గోడ మీద సారు చేత్తో రాసిన తూకాల పట్టిక ఉండేది. డెసినార్మల్, అంటే పదో వంతు గాఢత ఉన్న ఆగ్జాలిక్ ఆమ్లానికి లీటరుకు నాలుగున్నర గ్రాములు అని అందులో రాసి ఉంది. మొదటి నెల ఆమె అలాగే కలిపింది. పిల్లలు దానిలోకి పర్మాంగనేటు చుక్కచుక్కగా వదిలి అంశమాపనం, అదే టైట్రేషన్, చేస్తే పది మిల్లీలీటర్లు రావలసిన చోట ఏడు వచ్చింది. అందరికీ ఏడే. చెయ్యి తప్పితే ఒకరిద్దరికి తప్పాలి గాని, తరగతి మొత్తానికి ఒకేలా తప్పుతుందా అని ఆమెకు అనుమానం తగిలింది. సీసా మీది చీటీ చదివింది. అణుభారం నూట ఇరవై ఆరు అని ఉంది. సారు పట్టికను తొంభైతో కట్టాడు.

మధ్యలో తేడా ముప్ఫై ఆరు. అవి రెండు నీటి అణువుల బరువు. స్ఫటికం తాకితే పొడిగానే ఉంటుంది, కానీ ఒక్కో ఆమ్ల అణువుతో పాటు రెండేసి నీటి అణువులు అందులో కాపురముంటాయి. త్రాసు ఆమ్లాన్నీ నీళ్ళనూ కలిపే తూస్తుంది. అందుకే ఆ స్ఫటికాలకు తుల్యభారం, అంటే ఈ ఆమ్లానికి అణుభారంలో సగం, నలభై అయిదు కాదు, అరవై మూడు. లీటరుకు ఆరు పాయింట్ మూడు గ్రాములు వెయ్యాలి. నాలుగున్నరే వేస్తే ద్రావణం చప్పబడి, పదికి ఏడే పలుకుతుంది.

ఈ మాట ఆమె సారుకు చెప్పింది, ఒక్కసారే.

"సీసాలు కడిగేవాళ్ళు సీసాలు కడగాలి. నాకు పాఠం చెప్పడానికి నీకు జీతమివ్వడం లేదు" అన్నాడాయన.

ఆ రోజు నుంచి ఆమె నోరు మూసుకుని ఆరు పాయింట్ మూడు వేసింది. పిల్లలకు పది వచ్చింది. వార్షిక సమావేశంలో, ప్రాక్టికల్స్‌లో ఇంత కచ్చితత్వం ఇంకెక్కడా లేదని సారుకు శాలువా కప్పారు. ఆమె ఆ శాలువా మడత పెట్టి సంచిలో సర్దిచ్చింది.

"ఆయన పరువు నువ్వు మోస్తుంటే, ఆయన నీకు పంచదారని పేరు పెట్టాడు. ఇంకా నయం, చీమలు పట్టలేదు" అనేది ఇంట్లో అత్తగారు.

"ఊరుకో అత్తా. పిల్లల లెక్క తప్పకుండా ఉంటే చాలు."

"ఊరుకుంటానులే. ఊరుకోవడం నీ దగ్గరే నేర్చుకోవాలి."

ఆమెకు నలభై నాలుగేళ్ళు నిండాక అటెండరు ఉద్యోగాన్ని పర్మనెంటు చేస్తూ ఉత్తర్వు వచ్చింది. ఒక్కటే పోస్టు, నలభై అయిదు దాటితే అర్హత లేదు. అంటే ఇదే మొదటి అవకాశం, ఇదే ఆఖరిది. పోటీకి వచ్చినవాడు ఆఫీసు గుమాస్తా బామ్మరిది. ముప్ఫై ఏళ్ళవాడు, అంతకుముందు ఫొటోస్టాట్ కొట్లో పనిచేశాడు. ఎంపికకు ముగ్గురు కూర్చున్నారు: ప్రిన్సిపాల్ మేడం, కెమిస్ట్రీ సారు, బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు.

ఇద్దరికీ ఒకే పని ఇచ్చారు. పావు లీటరు డెసినార్మల్ ఆగ్జాలిక్ ఆమ్లం తయారు చెయ్యాలి. సారు ఇచ్చిన కాగితం మీద, ఒకటి పాయింట్ ఒకటి రెండు అయిదు గ్రాములు తూచండి అని ఉంది, అదే నాలుగున్నరలో నాలుగో వంతు.

బామ్మరిది అక్షరం పొల్లు పోకుండా తూచాడు.

పంచదారక్క చెంచా పట్టుకుని కాగితం వంక చూస్తూ ఉండిపోయింది. కాగితం చెప్పినట్టు తూస్తే ద్రావణం తప్పు. సరిగ్గా తూస్తే సారు తప్పు. ఎదురుగా ఎగ్జామినరు ఉన్నాడు, చదువుకున్న మనిషి, కొలిచి చూస్తాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి చూసేవాడు దొరికాడు అనుకుంది. ఒకటి పాయింట్ అయిదు ఏడు అయిదు తూచింది. నీళ్ళలో కరిగించి, గరాటు కడిగిన నీళ్ళు కూడా ఫ్లాస్కులోనే పోసి, గీత దగ్గర ఒక్కొక్క చుక్కే వేసి, మూత పెట్టి తలకిందులు చేసి కలిపింది.

ఎగ్జామినరు ఇద్దరి ద్రావణాల్లోంచీ పదేసి మిల్లీలీటర్లు తీసి, సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి, వేడిచేసి, పర్మాంగనేటు వదిలాడు. బామ్మరిదిది ఏడు పాయింట్ ఒకటి దగ్గర గులాబీ రంగు నిలిచింది. పంచదారక్కది సరిగ్గా పది దగ్గర నిలిచింది. ఎగ్జామినరు కనుబొమ్మలు పైకి లేచాయి.

"కాగితంలో ఉన్నది తూచావా అమ్మా?"

"లేదు సార్. స్ఫటికంలో నీళ్ళున్నాయి సార్. వాటి బరువు కలపలేదు కాగితంలో."

"నీళ్ళా?" కెమిస్ట్రీ సారు కాసిని స్ఫటికాలు వేలితో నలిపి ప్రిన్సిపాల్‌కు చూపించాడు. "చూడండి మేడం, ఎండుటాకులా ఉంది. ఇందులో నీళ్ళట. పిండితే ఓ గ్లాసు వస్తాయేమో, కాస్త దాహం తీర్చుకుందాం."

ప్రిన్సిపాల్ నవ్వింది. బామ్మరిదీ నవ్వాడు.

"పరీక్షనాళికలో వేసి సన్నసెగ చూపిస్తే పైన గోడలకు చెమట పడుతుంది సార్. రెండు నిమిషాల పని, చూపిస్తాను. పోనీ సీసా మీది చీటీ చదవండి."

"చీటీలు చదివే అవసరం నీకు. మేం పుస్తకాలు చదివాం." సారు ఎగ్జామినరు వైపు తిరిగాడు. "ఆ పర్మాంగనేటు చేసిందీ ఈవిడే. తన తప్పుకు తగ్గట్టు దాన్నీ వండుకుంది. పది రాక ఏమవుతుంది? అసలు విషయం ఒక్కటే. చెప్పింది చెప్పినట్టు చేసిందా, లేదా?"

ఎగ్జామినరు చెయ్యి చాపితే సీసా అందుతుంది. చీటీ గోడవైపు ఉంది, తిప్పితే చాలు. ఆయన గడియారం చూసుకున్నాడు.

"రసాయనం సంగతి వేరు, నిబంధన వేరు" అని నసిగి, తిరుగు బస్సు దొరకదని సంతకం పెట్టాడు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు ముగ్గురి సంతకాలూ పడ్డాయి. ఆదేశం పాటించే గుణం లేదు అని ఆమె పేరు పక్కన రాశారు.

పోస్టు బామ్మరిదికి వెళ్ళింది. ఏడాది చివరిదాకా గాజుసామాను కడగడానికి ఆమెను ఉంచారు. కొత్త అటెండరు చెడ్డవాడేం కాదు. "అక్కా, ఎంత వెయ్యాలో చెప్పు, అదే వేస్తా" అని అడిగాడు. ఆమె చెప్పింది. వాడు గోడమీది పట్టిక వంక చూశాడు.

"అది కాదని వేస్తే నన్నూ నీలాగే చేస్తారు కదక్కా" అని నాలుగున్నరే వేశాడు. పర్మాంగనేటు మాత్రం ఆమె చేసి పెట్టిన పాతదే.

ఏడాది చివర ప్రాక్టికల్ పరీక్ష జరిగింది. ఒక బల్ల దగ్గర ఒక అమ్మాయి మూడుసార్లు చేసింది. ఏడు పాయింట్ ఒకటి, ఏడు పాయింట్ ఒకటి, ఏడు పాయింట్ ఒకటి. ఉన్నదే రాసింది. పక్క బల్లవాడు కొలత గీతలున్న బ్యూరెట్ గొట్టం వంక చూడను కూడా చూడకుండా, అన్నయ్య పాత రికార్డులోంచి పది అని రాసేశాడు. సారు వాడికి నిండా మార్కులు వేసి, ఆ అమ్మాయి కాగితం మీద అడ్డంగా గీత కొట్టాడు.

"డాక్టరుకు చూపించుకో. కళ్ళకా, బుర్రకా అన్నది ఆయనే చెబుతాడు."

అమ్మాయి గీత వంక చూసి, నాలుగోసారి చెయ్యడానికి పిపెట్ అందుకుంది. తొట్టి దగ్గర పిపెట్లు కడుగుతున్న పంచదారక్క పంపు కట్టేసింది.

"ఆ పాప సరిగ్గానే చేసింది సార్. ద్రావణమే తప్పు. ఎన్నిసార్లు చేసినా అదే వస్తుంది."

పంతొమ్మిదేళ్ళు ఆమె ఊరుకున్నది ఈ పది కోసమే. ఈ పది పోయాక ఊరుకోవడానికి ఏమీ మిగల్లేదు.

సారు మెల్లగా నడిచి వచ్చాడు. "ఉద్యోగం రాలేదన్న కడుపుమంటతో ద్రావణంలో ఏం కలిపావు?" అని పిల్లలందరికీ వినపడేలా అడిగాడు. జవాబు కోసం ఆగలేదు. సాయంత్రానికి ఆమెను తీసేశారు. పరీక్షా ద్రావణాలను పాడుచేసినట్టు అనుమానం అని కాగితమిచ్చారు. ఆ కాగితం ఉన్న మనిషిని ఇంకో ల్యాబు గడప తొక్కనివ్వరు. ఆ ఏడాది ఉన్నది ఉన్నట్టు రాసిన ఇరవై ముగ్గురికి మార్కులు పోయాయి. చూడకుండా పది రాసినవాళ్ళు పైకి వెళ్ళారు.

ఇప్పుడామె ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతోంది. అత్తగారు జోకులు మానేసింది.

ఇది చదివి అయ్యో పాపం అనేవాళ్ళతో ఆమెకు పని లేదు. మీ పిల్లల బడికి వెళ్ళండి. ల్యాబు తలుపు తీయించి, సీసా మీది చీటీనీ గోడ మీది పట్టికనూ పక్కపక్కన పెట్టించి చూడండి. లెక్క కుదరకపోతే ఎందుకు కుదరలేదో అక్కడే నిలబడి అడగండి. ద్రావణాలు కలిపేది ఎవరు, ఎన్నేళ్ళుగా తాత్కాలికం, ఆ మనిషి మాట వినే చోటు బడిలో ఎక్కడైనా ఉందా అని కాగితం మీద రాసి, జవాబు కాగితం మీదే తీసుకోండి. మీలో ఆ ఇరవై ముగ్గురి తల్లిదండ్రులుంటే, మార్కులు మళ్ళీ లెక్కించమని అర్జీ పెట్టండి. ఆమె మీద రాసిన అనుమానం కొట్టెయ్యమని కూడా అదే అర్జీలో రాయండి. మీలో ఎవరైనా అలాంటి ఎంపికల్లో కూర్చునే ఎగ్జామినర్లుంటే, బస్సు పోతే పోనివ్వండి, సీసా తిప్పి చూడండి.