పోశెట్టి గీత

2020, లాక్‌డౌన్ సడలించిన రోజులు. సూరత్ దగ్గర హజీరాలో ఒక కర్మాగారంలో నేను పర్యావరణ ఇంజినీరును. మా ప్రహరీ అవతల వలస పక్షుల కోసం వదిలిన చెరువు ఒకటుంది. గుర్రపుడెక్క కమ్మేసి, పక్షులు రావడం మానేసి రెండేళ్లయింది. ఈ శీతాకాలమూ రాకపోతే అక్కడ లారీల పార్కింగ్ కట్టేస్తామని మేనేజరు తేల్చేశారు. నాకేమో ఆ చెరువంటే ప్రాణం.

సూరత్‌లోని పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లు మూతపడి ఖాళీగా ఉన్న నలుగురు జగిత్యాల వాళ్లు పనికి దొరికారు. వాళ్లలో పెద్దవాడు పోశెట్టి. నెల తిరక్కుండా డెక్కంతా పీకి గట్టున పోశారు. ఆపైన నా పనితనం మొదలైంది. కోనసీమవాణ్ణి, నీళ్లు నిండుగా కనిపిస్తేనే కళ్లు చల్లబడతాయి. పంపులు పెట్టించి చెరువును గట్టుదాకా నింపించాను. ఫొటో తీసి ఇంటికి కూడా పంపుకున్నాను.

నవంబరు వచ్చినా ఒక్క పిట్ట దిగలేదు. గుంపులు పైన చుట్టు తిరిగి ఎటో పోతున్నాయి. పదిహేను రోజుల్లో చూడటానికి వస్తానని మేనేజరు కబురు పెట్టారు. నాకు అన్నం సయించలేదు.

పోశెట్టి మాస్కు గడ్డం కిందికి లాగాడు. "సార్, గిన్ని నీళ్లల్ల కొంగ ఏడ నిలబడ్తది? మా తాన చెరువు గుంజి నీళ్లు తగ్గుతుంటెనే పిట్టలు దిగుతయి. జర తూము తియ్యున్రి."

చెరువుల మీద పీజీ చేసినవాడికి పాఠాలా అని కసురుకున్నాను. అతను లుంగీ ఎగ్గట్టి నీళ్లలో దిగాడు. గట్టు దగ్గరే రొమ్ముదాకా మునిగి, నా వైపు చూస్తూ నిలబడ్డాడు. నాకు నవ్వూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. మడ్‌ఫ్లాట్ అంటే నీరు తగ్గాక తేలే బురదనేల. అందులోని పురుగులే పొడుగుకాళ్ల పిట్టల భోజనం. పరీక్షలో రాసిన జవాబే. ఆ భోజనం మీద నిలువులోతు నీళ్లు పోసింది నేనే.

తూము తీశాం. రోజుకు జానెడు దించాం. పోశెట్టి తన చీలమండ మీద బెత్తెడు ఎత్తు చూపించి, అక్కడ ఆపమన్నాడు. బురద కంపు మాస్కులోకి కూడా దూరింది. పదకొండో రోజు పొద్దున బురదలో పురుగులేరుకు తినే ఉల్లంకి పిట్టలు నాలుగు దిగాయి. మేనేజరు వచ్చేనాటికి లెక్కపెట్టడం మా వల్ల కాలేదు. ఆయన ముక్కు మూసుకునే, పార్కింగుకు ఇంకో చోటు చూడమన్నారు.

మిల్లు తెరిచాక పోశెట్టి పనిలోకి వెళ్లిపోయాడు. వెళ్లేముందు అతన్ని నీటిమట్టం కొలిచే స్తంభం పక్కన నిలబెట్టి, ఆ బెత్తెడు ఎత్తున ఎర్రగీత గీయించాను. ఎవరి కోసం ఇల్లు కడుతున్నామో ముందు వాళ్ల కాళ్ల పొడుగు చూసుకోవాలని ఆ ఏడు నేర్చుకున్నాను.

కొత్తగా చేరిన ఇంజినీర్లు ఆ గీత ఏ స్టాండర్డు ప్రకారం సార్ అని అడుగుతుంటారు. జగిత్యాల స్టాండర్డు అంటాను.