రెండు పంకాలు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట బస్సులో నా పక్కనాయన ఒళ్లో పడవ ఇంజన్‌కు బిగించే పంకాలు రెండున్నాయి. అక్కడి చెరువులో దిబ్బ మీద ఏడుగురు చిక్కుకున్నారట. నీరు పెరుగుతోంది; ఒడ్డున ఉన్న పడవలో వెళ్లి వాళ్లను తేవాల్సింది ఈయనే.

“ఇంజన్ గేరు మార్చలేమమ్మా, పంకానే మార్చాలె,” అన్నాడాయన. “ గీ రెక్కల వంపు ఎక్కువున్నది జల్దీ పోతది. గా తక్కువున్నదైతే బరువును గుంజుతది, కానీ పోను నాలుగు నిమిషాలు ఎక్కువైతది.”

“వెళ్లేటప్పుడు ఎందరు?”

“ఇద్దరం. ఒక్క ట్రిప్పుకే టైముంది.”

“అయితే వచ్చేటప్పుడు తొమ్మిదిమంది. ఆ బరువుతో మొదటిది లాగుతుందా?”

ఆయన ఫోన్ మోగింది. “నీళ్లు నడుముల దాక వచ్చినయన్నా” అన్న కేక నాకూ వినబడింది.

దిగేటప్పుడు వేగంగా పోయే పంకాను నా ఒళ్లో పెట్టాడు.

“రెండూ చేతిలుంటే ఆడికి పోయినంక మనసు మారుతది. కండక్టర్‌కియ్యమ్మా, మల్ల తీస్కుంట.”

ఏడుగురూ ఒడ్డు చేరారని మర్నాడు పేపర్లో చదివేదాకా నేను అన్నం ముట్టలేదు.