సారు రాయించిన వాగు

పాశమైలారం దాటుతుంటే మందుల కంపెనీ కంపు బస్సులోకి వచ్చేసింది. ఆ కంపుకి నాకు ఐదో తరగతి సారు గుర్తొస్తాడు, ఒళ్లు మండుతుంది.

‘మా ఊరు’ వ్యాసంలో, కంపెనీ మురుగు కలిసి మా వాగు నీళ్లు ఎర్రగా ఉంటాయని, బర్రెలు కూడా మూతి పెట్టవని రాశాను. సారు అడ్డంగా కొట్టేశాడు.

“పరీక్షల గిట్ల రాస్తే మార్కులేస్తరారా? బోర్డు మీదున్నది రాయి.”

బోర్డు మీద మాత్రం వాగు తేటగా పారుతోంది. అది వేరే ఊరనుకున్నాను. ఇంటికెళ్లి అడిగాను.

“అమ్మా, తేట నీళ్ల వాగు ఏ ఊర్ల ఉంది? మనం ఆడికే పోదాం.”

అమ్మ బిందె తీసుకుని ట్యాంకర్ దగ్గరికి పరుగెత్తింది.

ఇప్పటికీ నేను కాగితం ముందు కూర్చుంటే మొదట ఆ తేట వాగే వచ్చి పారుతుంది. దాన్ని అడ్డంగా కొట్టేశాకే రాయడం మొదలుపెడతాను.